చాందా కోట గోడ వెంట నడక: మీ ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో మహారాష్ట్రలోని చంద్రపూర్ పాత ఊరిలో గోండు రాజుల కోట గోడను చూపిస్తూ నడిపించే కాలినడక గురించి చిన్న పరిచయం వేశాం. సిరోంచ నుంచి కాగజ్‌నగర్ దాకా చాలామంది రాశారు. నడకకు వచ్చేవాళ్ళకీ, సొంతంగా పదిమందిని నడిపించాలనుకునేవాళ్ళకీ పనికొచ్చే ప్రశ్నలు ఏరి జవాబులిస్తున్నాం. మన పెద్దలు ఈ ఊరిని చాందా అనే పిలుస్తారు కాబట్టి మేమూ అక్కడక్కడా అలాగే రాశాం.

ప్రశ్న: మేము రిటైరైన టీచర్లం. పిల్లలతో కలిపి నలభై మందిమి అవుతాం. ఒక్క పూటలో గోడ చుట్టూ తిరిగి రాగలమా? ఎక్కడ దిగాలి, ఎన్నింటికి మొదలుపెట్టాలి? (కాగజ్‌నగర్)

జవాబు: గోడ చుట్టూ తిరగాలన్న ఆలోచన మానుకోండి. అలా చేస్తే తిరిగినట్టే ఉంటుంది కానీ చూసినట్టు ఉండదు. గోడకు ఆనుకుని ఇళ్ళు, సందులు, మురికి కాలువలు ఉన్నాయి. చాలాచోట్ల గోడ వెంటే నడవడం కుదరక పక్క వీధిలోంచి చుట్టి రావాలి. మొదటిసారి వచ్చేవాళ్ళకు జట్‌పురా గేటు దగ్గర మొదలై, పెద్ద రోడ్డు మీదుగా గాంధీ చౌక్ దాటి, అంచలేశ్వర్ గేటు చేరి, అక్కడ గుడి, గోండు రాజుల సమాధులు చూసి, గేటు బయటున్న మహాకాళి గుడి దగ్గర ముగిసే దారి సరిపోతుంది. సుమారు రెండు కిలోమీటర్లు. ఆగుతూ చూస్తే రెండున్నర గంటల నుంచి మూడు గంటలు పడుతుంది.

నలభై మందిని ఒక్క గుంపుగా తీసుకురావద్దు. గేటు కింద పన్నెండు, మహా అయితే పదిహేను మంది నిలబడితేనే చివరి మనిషికి మాట వినిపిస్తుంది. మూడు జట్లు చేసి ఇరవై నిమిషాల తేడాతో వదలండి. ప్రతి జట్టుకూ ముందు ఒకరు, వెనక ఒకరు ఉండాలి. దారి తెలిసిన రెండో మనిషిని వెనక పెట్టండి. తప్పిపోయేది ఎప్పుడూ ఫొటోలు తీస్తూ వెనకబడ్డవాళ్ళే. మాట్లాడవలసిందంతా గేటు చేరకముందే, నీడలో, రోడ్డుకు ఒక పక్కన నిలబెట్టి చెప్పేయండి. గేటు కింద ఊరికే చూపించండి, అంతే. జట్‌పురా గేటు ఈ రోజుకీ ఊరికి ముఖ్యమైన దారి. ఎనిమిది దాటితే ఆటోలు, బైకుల మోతలో ఎంత అరిచినా వినపడదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆరున్నర, పావు తక్కువ ఏడుకు మొదలుపెట్టండి. మార్చి దాటితే ఐదున్నర, పావు తక్కువ ఆరుకే గేటు దగ్గర ఉండి, ఎనిమిదికల్లా ముగించాలి. మేలో ఇక్కడ 45 డిగ్రీలు దాటడం మామూలు. పొద్దున తొమ్మిదికే రాయి వేడెక్కి, చేయి ఆనించి చూడలేం. మనిషికి లీటరు నీళ్ళు, టోపీ, అడుగు గట్టిగా ఉన్న చెప్పులు. పిల్లల సంచుల్లో ఒక అట్ట, తెల్ల కాగితం, పెన్సిలు పెట్టండి. ఎందుకో కింది జవాబులో చెప్తాం.

మీ వైపు నుంచి వచ్చే రైళ్ళు చాలావరకు బల్లార్షాలో ఆగుతాయి. అక్కడి నుంచి చంద్రపూర్ సుమారు 15 కిలోమీటర్లు, బస్సులూ ఆటోలూ ఉంటాయి. టికెట్ తీసేటప్పుడు ఒక జాగ్రత్త: చంద్రపూర్, చాందాఫోర్ట్ అని రెండు వేరు వేరు స్టేషన్లు ఉన్నాయి. చాందాఫోర్ట్ గోందియా వైపు లైను మీదిది. జట్టులో సగంమంది ఒక స్టేషన్లో, సగంమంది ఇంకో స్టేషన్లో దిగితే ఆ పొద్దంతా వృథా.

చైత్రమాసంలో మహాకాళి జాతర రోజుల్లో రాకండి. నాందేడ్ వైపు నుంచీ తెలంగాణ నుంచీ వేలమంది వస్తారు, అప్పుడు అంచలేశ్వర్ గేటు వైపు నిలబడే చోటే ఉండదు. జాతర చూడటానికైతే రండి, అది వేరే సంగతి.

ప్రశ్న: గేటు మీద సింహం, ఏనుగు చూశాం, ఫొటో తీసుకున్నాం. రాతి గోడలో ఇంకా చూడటానికి ఏముంటుంది? చూపించేవాళ్ళు ఏం చూపించాలి? (ఉపాధ్యాయురాలు, రాజురా)

జవాబు: మీ ప్రశ్న మాకు చాలా నచ్చింది, అందుకే కాస్త ఎక్కువ రాస్తున్నాం.

ముందు ఆ సింహం దగ్గరే ఇంకో రెండు నిమిషాలు ఆగండి. ఏనుగును కాళ్ళ కింద అదిమిన సింహం గోండు రాజుల గుర్తు. ద్వారం మీదున్న బొమ్మలో ఏనుగులు ఎన్ని, సింహం ఏ కాలితో దేన్ని పట్టింది, తోక ఎటు తిరిగింది అని పిల్లల చేత లెక్కపెట్టించి, కాగితం మీద గీయించండి. గీస్తే తప్ప కన్ను అక్కడ నిలవదు. ఫొటో తీసినవాళ్ళను గేటు దాటాక ‘ఏనుగు తొండం పైకుందా కిందికుందా’ అని అడగండి, చెప్పలేరు. గీసినవాళ్ళు చెప్తారు.

తరువాత గోడ. ఎత్తు సుమారు 15 నుంచి 20 అడుగులు. బయటి మొహం చెక్కిన రాళ్ళతో కట్టింది. కానీ గోడంతా అలాంటి రాయే ఉంటుందనుకోవద్దు. ఇలాంటి కోట గోడల్లో బయట ఒక వరస, లోపల ఒక వరస చెక్కిన రాయి పెట్టి, నడుమ బండముక్కలు, సున్నం పోసి నింపుతారు. ఎక్కడైనా పై రాయి ఊడిన చోటు కనిపిస్తే జట్టును అక్కడ ఆపండి. ఆ గుంటలో లోపలి పొర కనిపిస్తుంది. గోడ ఎలా కట్టారో చెప్పడానికి గేటు కన్నా ఆ గుంటే మంచి పాఠం. కొన్ని రాళ్ళు మిగతావాటికన్నా చాలా పొడుగ్గా లోపలికి దిగి ఉంటాయి. రెండు మొహాలనూ పట్టి ఉంచే కట్టురాళ్ళు అవి. అవి తక్కువైన చోట గోడ ముందుగా విడిపోతుంది.

ఇప్పుడు దూరంగా వెళ్ళి గోడ వెంట ఒక కన్ను మూసి చూడండి. ఎక్కడైనా గోడ పొట్టలా ఉబ్బి కనిపిస్తే, పైన నడవా మీద వాననీళ్ళు నిలిచి లోపలికి ఇంకుతున్నాయన్నమాట. నీళ్ళు నడుమ ఉన్న సున్నాన్ని కొంచెం కొంచెంగా కడిగేస్తాయి. బండముక్కలు కిందికి కూరుకుని, బయటి వరసను ముందుకు తోస్తాయి. గోడ కూలేది పైనుంచి కాదు, నడుమ నుంచి. ఉబ్బు కింద ఎవరినీ నిలబెట్టవద్దు, ముఖ్యంగా వానలు తగ్గిన కొత్తలో.

పైన పిట్టగోడలో తుపాకీ కంతలు ఉంటాయి. ఒక్కోదాని వాలు ఎటుందో చూడండి. దూరాన్ని చూసే కంత దాదాపు మట్టంగా ఉంటుంది, గోడ మొదట్లోకి వచ్చినవాణ్ణి చూసే కంత కిందికి వాలి ఉంటుంది. బురుజు గుండ్రంగా ముందుకు ఎందుకు పొడుచుకొచ్చిందో కూడా అప్పుడే అర్థమవుతుంది. బురుజు మీద నిలబడ్డవాడికి రెండు పక్కలా గోడ మొహం కనిపిస్తుంది, తిన్నని గోడ మీదున్నవాడికి తన కాళ్ళ కిందేముందో కనపడదు.

ఉలిగాట్లు చూడటానికి వెలుతురు పక్కనుంచి పడాలి. అంచలేశ్వర్ గేటు తూర్పుది, దాని బయటి మొహం మీద ఎండ పొద్దున పడుతుంది. పడమటి బింబా గేటుకు సాయంత్రం రావాలి. జట్‌పురా గేటు ఉత్తరానిది కాబట్టి చలికాలమంతా బయటి మొహం మీద నేరుగా ఎండ పడదు. అక్కడ టార్చిలైటు రాతికి ఆనించినంత దగ్గరగా అడ్డంగా పట్టండి. నున్నగా కనిపించిన రాయి మీద గాట్లు వరసలుగా లేస్తాయి. పిల్లలు ఆ ఒక్క పనికి ఎంతసేపైనా నిలబడతారు.

ప్రశ్న: కుందేలు కుక్కను తరిమిన చోట కోట కట్టారని మా అత్తగారు చెప్తారు. ఇదే కథ హంపీకీ చెప్తారు కదా. నడకలో చెప్పాలా వద్దా? (బాబూపేట్, చంద్రపూర్)

జవాబు: తప్పకుండా చెప్పండి, కథను కథగానే చెప్పండి. ఇక్కడి కథలో రాజు ఖాండక్యా బల్లాళ్‌షా. ఒంటినిండా పుళ్ళతో బాధపడుతూ ఝర్‌పట్ వాగు మడుగులో నీళ్ళు తాగి, కడుక్కుంటే నయమైందంటారు. అక్కడే అచలేశ్వర శివుడి (గేటు పేరులోని అంచలేశ్వరుడు ఈయనే) చోటు బయటపడింది. తరువాత ఒక కుందేలు రాజుగారి కుక్కను తరిమింది. అది పరుగెత్తిన దారినే గోడ, ఎదురు తిరిగిన చోట్ల బురుజులు. హంపీకీ, ఇంకా కొన్ని రాజధానులకూ ఇలాంటి కథే ఉంది. ‘ఈ నేల పిరికివాణ్ణి కూడా ధైర్యవంతుణ్ణి చేస్తుంది’ అని చెప్పుకోవడానికి రాజధానులన్నీ వాడిన కథ అది. మీ అత్తగారు చెప్పేది అబద్ధమూ కాదు, కొలతలకు ఆధారమూ కాదు.

కథ చెప్పాక నీళ్ళ సంగతి చెప్పండి, ఎందుకంటే కోట ఈ చోటే ఎందుకు వచ్చిందో నీళ్ళు చెప్తాయి. తూర్పున ఝర్‌పట్, పడమర ఇరయీ నది, దక్షిణాన రెండూ కలిసే చోటు. ఊరికి మూడు వైపులా ఏరే కాపలా. ఇక అప్పట్లో ఊరి తాగునీటికీ వాడకానికీ రామాళా చెరువు.

ప్రశ్న: గేట్లు నాలుగు, ఖిడ్కీలు ఐదు అంటారు. ఖిడ్కీ అంటే కిటికీ కదా? (సిరోంచ)

జవాబు: ఇక్కడ ఖిడ్కీ అంటే గోడలో పెట్టిన చిన్న దారి. మన మాటలో దిడ్డి వాకిలి. జట్‌పురా, బింబా, పఠాన్‌పురా, అంచలేశ్వర్ అనే నాలుగు పెద్ద దర్వాజాలలో ఏనుగులు, బండ్లు పోయేవి. బగడ్, హనుమాన్, విఠోబా, చోర్, మసాన్ అనే ఐదు ఖిడ్కీలు కాలినడకన పోయేవాళ్ళకు. మసాన్ ఖిడ్కీ పేరే దాని పని చెప్తుంది, శవాన్ని మోసుకుపోయే దారి అది.

ప్రశ్న: నేను గనిలో పనిచేసి రిటైరయ్యాను. లాల్‌పేట్ దగ్గర పడుకోబెట్టిన పెద్ద రాతి విగ్రహాలను రావణుడంటారు. రాయప్ప అనే తెలుగాయన చెక్కించాడంటారు. నిజమేనా? నడకలో కలపొచ్చా? (లాల్‌పేట్ కాలరీ)

జవాబు: కలపండి, కానీ వేరే పూట. గోడకు బయట ఉంది, పాత ఊరి నడకకు జోడిస్తే ముసలివాళ్ళు అలిసిపోతారు.

ఆ విగ్రహాలు చెక్కించింది కోమటి రాయప్ప అన్నది ఇక్కడ తరతరాలుగా వస్తున్న మాట. పెద్ద శివాలయం కట్టించాలని మొదలుపెట్టాడనీ, గుడి లేవకుండానే పని ఆగిపోయిందనీ చెప్తారు. చాందా కోమట్లు తెలుగు నేల నుంచి వచ్చిన వర్తకులు. అందుకే మనవాళ్ళు ఈ చోటును మనదిగా చూసుకుంటారు. అందులో తప్పేమీ లేదు.

రావణుడన్నది మాత్రం పది తలలు చూసి జనం పెట్టిన పేరు. అది పది తలల దుర్గ. పాతిక అడుగుల పొడవు, 18 అడుగుల దాకా వెడల్పున వెల్లకిలా నేల మీదే ఉంది. పక్కన శివలింగం, ఇంకా కొన్ని విగ్రహాలు ఉన్నాయి. అంత బరువును లేపి నిలబెట్టాలంటే గుడి పని ఎంతో ముందుకు సాగి ఉండాలి. అది సాగలేదు కాబట్టే మనకు మేలు జరిగింది: పూర్తయిన శిల్పంలో కనపడని పనివాడి చెయ్యి ఇక్కడ కనిపిస్తుంది. ఎక్కడ పని అయిపోయింది, ఎక్కడ మోటు ఉలి గాటు మిగిలింది, ఎక్కడ రాయిని ఇంకా తాకనే లేదు అన్నది అంచుల వెంట నడుస్తూ చూడండి. విగ్రహం ఎక్కవద్దు, ఎక్కనివ్వవద్దు. పిల్లల చెప్పుల కింద ఇసుక నలిగి రాతిని రుద్దేస్తుంది.

ప్రశ్న: మా ఇల్లు పఠాన్‌పురా గేటు వైపు, కోట గోడకు ఇరవై మీటర్ల లోపే ఉంది. తాతల నాటి సున్నపు గోడలు. కింద మూడడుగులు చెమ్మెక్కి పూత రాలిపోతోంది. మేస్త్రీ సిమెంటు పూద్దాం అంటున్నాడు. పిట్టగోడలో రావి మొక్క కూడా లేచింది. నడకకు వచ్చినవాళ్ళు మా ఇల్లు చూసి ఫొటోలు తీసుకుంటారు, మాకేమో ఇల్లు నిలిస్తే చాలు. (చంద్రపూర్)

జవాబు: ముందు చట్టం. కోట గోడ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అలాంటి కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషిద్ధ ప్రాంతం, ఆపైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. మీరు మొదటి దాంట్లో ఉన్నారు. అక్కడ కొత్త ఇల్లు కట్టనివ్వరు. కానీ 1992 జూన్ 16 కన్నా ముందు నుంచీ ఉన్న ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి అనుమతి అడగవచ్చు. ఇల్లు అప్పటికే ఉందని చూపే పాత పన్ను రసీదు, ఇప్పటి ఫొటోలు, చేయబోయే పని వివరం దరఖాస్తుకు జతచేయండి. పని మొదలుపెట్టి తరువాత అడుగుదాంలే అనుకుంటే మధ్యలో ఆపిస్తారు. సగం విప్పిన గోడతో వానాకాలం గడపడం కన్నా కష్టం ఇంకోటి లేదు.

ఇక సిమెంటు వద్దే వద్దు. సున్నపు గోడ నేలలోంచి పీల్చిన చెమ్మను పూతలోంచి గాలికి వదులుతుంది. పైన సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. చెమ్మ ఇంకా పైకెక్కి, ఈసారి మూడడుగుల బదులు ఐదడుగుల దగ్గర బయటికి వస్తుంది. నీటితో వచ్చిన ఉప్పు సిమెంటు వెనక గడ్డకట్టి ఇటుకను, రాతిని పొరలుగా రాలుస్తుంది. రెండు మూడు వానాకాలాల తరువాత ఆ సిమెంటు పలకలా ఊడి పడుతుంది, దానితో పాటు ఇటుక మొహం కూడా పోతుంది.

చేయవలసింది ఇది. గోడ మొదట్లో నీళ్ళు ఎందుకు నిలుస్తున్నాయో ముందు చూసుకోండి. వీధి మట్టం లేచి మీ అరుగు కిందికి పోయిందా, బయటి గచ్చు వాలు లోపలికుందా, చూరు నీళ్ళు అక్కడే పడుతున్నాయా? అది సరిచేయకుండా ఏ పూత పూసినా దండగ. తరువాత చెడ్డ పూత తీసేసి, ఇటుకల సందుల్లో వదులైన సున్నం అంగుళం లోతు దాకా గోకి, బ్రష్షుతో దులిపి, ఒక ఎండాకాలం ఆరనివ్వగలిగితే మేలు. డంగు సున్నానికి పాళ్ళు: కనీసం పదిహేను రోజులు నీటిలో నానిన సున్నం 1 పాలు, ఇటుక పొడి 1 పాలు, జల్లెడ పట్టిన ఇసుక 2 పాళ్ళు. పాత మేస్త్రీలు కరక్కాయ, బెల్లం నీళ్ళు కలుపుతారు. బెల్లం మితిమీరితే పూత గట్టిపడదు. గోడ తడిపి, సందులు నొక్కి నింపి, అర అంగుళం మించకుండా ఒక పూత, అది గట్టిపడ్డాక రెండోది. పది రోజులు తడి గోనెలు కప్పి ఉంచాలి. ఈ పని మండుటెండల్లో పెట్టుకుంటే పూత పగుళ్ళిస్తుంది, వానల్లో అయితే జారిపోతుంది. దసరా దాటాక మొదలుపెట్టండి.

రావి సంగతి. పిట్ట రెట్టలో వచ్చిన గింజ సందులో పడి మొలుస్తుంది, వేరు సున్నం ఉన్న దారి వెంటే పోతుంది. జానెడు మొక్కైతే మొదటి వానలప్పుడు చేత్తో వేరుతో సహా వస్తుంది. వేరు బొటనవేలి కన్నా లావైతే లాగకండి, ఇటుకలు ఊడివస్తాయి. ఊరికే పైన నరికితే రెండింతలు చిగురిస్తుంది. మొదట్లో కోసి, కోత పచ్చిగా ఉండగానే మొక్కలను చంపే మందు బ్రష్షుతో మొద్దుకు పూయండి. కొన్ని నెలలకు వేరు ఎండాక మెల్లగా తీసి, ఆ బొక్కను సున్నంతో నింపండి. కొందరు యాసిడ్ పోస్తారు. యాసిడ్ వేరు కన్నా ముందు సున్నాన్ని తినేస్తుంది.

ఇదంతా మీ ఇంటికే. కోట గోడలో రావి కనిపిస్తే మీరు ముట్టుకోవద్దు, పురావస్తు శాఖకు ఫొటోతో రాయండి. 2017లో ఊరి కుర్రాళ్ళు ఎకో-ప్రో అనే పర్యావరణ సంస్థ తరఫున గోడ మీది పొదలు, చెత్త తీయడం మొదలుపెట్టారు. మీ చుట్టుపక్కల పిల్లలకు సాయపడాలనుంటే అలాంటి పనిలో చేరమనండి.

ఇక నడిపించేవాళ్ళకు ఒక మాట: ఇలాంటి ఇళ్ళ ముందు ఆగితే ముందు తలుపు కొట్టి అడగండి. అరుగు మీద ఎక్కి కూర్చోవద్దు.

ప్రశ్న: గోండు రాజుల మహలు లోపలికి వెళ్ళవచ్చా? సమాధుల్లో ఏది ముఖ్యం? (కాలేజీ విద్యార్థి, బల్లార్‌పూర్)

జవాబు: మహలు ఉన్న చోటే ఇప్పుడు జిల్లా జైలు. మామూలు రోజుల్లో వెళ్ళనివ్వరు. ఆంగ్లేయుల మీద తిరగబడిన గోండు నాయకుడు బాబూరావ్ శెడ్మాకేను 1858 అక్టోబరు 21న ఉరితీసింది అక్కడే. నడకలో బయటి రోడ్డు మీద నిలబడి ఆ మాట చెప్పి సాగిపోండి. ఫొటోలు తీయవద్దు.

సమాధుల్లో అన్నిటికన్నా పెద్దది బీర్‌షాది. ఆయన భార్య రాణీ హిరాయీ 18వ శతాబ్ది తొలి ఏళ్ళలో కట్టించింది. మహాకాళి గుడినీ ఆమె కట్టించిందనే చెప్తారు. సమాధి చూశాక వెంటనే పక్కనున్న అచలేశ్వర్ గుడి బయటి గోడ మీది చిన్న చిన్న శిల్పాల వరసలు చూడండి. ఒకచోట తోరణాల నీడ, ఇంకోచోట బొమ్మల గుంపు. రెండూ ఇంత దగ్గర దగ్గరగా ఉండటం మీ కాలేజీ వాళ్ళకు గీసుకోవడానికి మంచి అవకాశం. మీ ఊళ్ళో వార్ధా ఒడ్డున ఉన్న కోట చాందా కన్నా ముందటి రాజధాని. ముందు అది చూసి వస్తే ఇక్కడ ఏం మారిందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: వానాకాలంలో గోడ మీద నడవచ్చా? (ఘుగ్గుస్)

జవాబు: వద్దు. నాచు పట్టిన రాయి జారుతుంది, పొదల్లో పాములుంటాయి, లోపలి వైపు పడిపోకుండా అడ్డు ఉండదు. ఇరయీ పొంగితే పఠాన్‌పురా గేటు వైపు దారి కూడా మునుగుతుంది. ఆ నెలల్లో అంచలేశ్వర్ వైపు కింది దారినే నడిచి, గోడ మీదికి ఎక్కే నడకను దీపావళి తరువాతకు పెట్టుకోండి. అప్పటికి గడ్డి ఎండి మెట్లు కనిపిస్తాయి.